మొగుళ్లపల్లి అవ్వ దగ్గర నా ఓటీపీ

ఆ రోజుల్లో అంటే మరీ కందిలి బుడ్ల కాలమేమీ కాదు. అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చేశాయి, నేను డిగ్రీ పూర్తి చేసి జనగామలో ఇంటిపట్టున ఉంటూ కనిపించిన ప్రతి ఉద్యోగానికీ దరఖాస్తు పెడుతున్నాను. సరిగ్గా అప్పుడే లోకంలోని వెబ్‌సైట్లన్నిటికీ ఒక కొత్త రోగం పట్టుకుంది. గడపలో కాలు పెట్టీ పెట్టగానే "నువ్వెవరు, నీ పేరేంటి, నీ నంబరెంత" అని అడగడం. బస్సు ఎన్నింటికో చూద్దామంటే లాగిన్. ఊళ్లో వాన పడుతుందో లేదో చూద్దామంటే లాగిన్. (కిటికీ తెరిస్తే తెలిసేదానికి!) ఒకసారి మామిడికాయ పచ్చడి ఎలా పెట్టాలో చదువుతుంటే ముక్కలు కొట్టించి, తుడిపించి, ఆరబెట్టించి, తీరా ఉప్పు ఎంతో చెప్పే చోట ఆగిపోయి "మిగతాది చదవాలంటే ఖాతా తెరవండి" అంది. ఉప్పు చెప్పడానికి నా పుట్టిన తేదీ నీకెందుకని ఫోన్‌ను తిట్టి, నా అందాజా కొద్దీ వేసేశాను. ఆ ఏడాది పచ్చడిని ఎవరూ తినలేకపోయారు. అమ్మ ఇప్పటికీ నన్నే అంటుంది, వెబ్‌సైటును ఒక్క మాట అనదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు గనుక తప్పు ఎప్పుడూ నాదే అవుతుంది.

ఇంత కోపం ఉన్నదాన్ని దరఖాస్తులు ఎలా పెట్టానంటే, నేను పెట్టలేదు, నెట్ అన్న పెట్టాడు. స్టేషన్ రోడ్డులో నాలుగు కంప్యూటర్లతో చిన్న నెట్ సెంటరు నడిపేవాడు. అసలు పేరు ఏమిటో ఎవరికీ తెలియదు, పెళ్లిపత్రికల మీద కూడా "నెట్ అన్నకు" అని రాసి ఇచ్చేవాళ్లు. హాల్ టికెట్లు, గ్యాసు బుకింగులు, పెన్షన్ దరఖాస్తులు, అన్నీ ఆయన చేతి మీదుగానే. ప్రతి దరఖాస్తూ సెల్ నంబరు అడుగుతుంది కదా, మా నంబర్లు మాత్రం ఒకచోట నిలిచేవి కావు. ఏ కంపెనీ నెల రోజులు ఉత్తగా ఇస్తానంటే ఆ సిమ్ముకు మారిపోయేవాళ్లం. మా ఇంట్లో చాలాకాలం ఒకటే ఫోను, అది బాపు జేబులో పొద్దున్నే పనికి పోయేది. ఈ తిప్పలు చూసి నెట్ అన్న ఒక ఏర్పాటు చేశాడు. దుకాణంలో గోడ మేకుకు తాడు కట్టి ఒక బటన్ ఫోన్ వేలాడదీశాడు. ఎవరు ఏ దరఖాస్తు పెట్టినా ఆ ఫోన్ నంబరే వేసేవాడు. "నీ నంబరెందుకు చెల్లె? రేపో ఎల్లుండో మారుస్తవు. నాదైతె నేను సచ్చేదాక మారది" అనేవాడు. ఫోన్ మోగగానే మేకు దగ్గరికి పోయి, "గ్యాసు ఎవల్ది? నాలుగు, ఒకటి, తొమ్మిది..." అని రేషన్ షాపులో పేరు పిలిచినట్టు పిలిచేవాడు. ఎంత ఉపకారమో అనుకునేవాళ్లం. ఆ ఫోను మేకు దిగి ఊరు దాటిపోతే మన గతేమిటని డిగ్రీ చదివిన నాకు కూడా తట్టలేదు.

అలా మూడేళ్లు దరఖాస్తులు పెట్టాక ఒక మధ్యాహ్నం నా మెయిల్‌కు ఉత్తరం వచ్చింది. (మెయిల్ మాత్రం నా సొంతం, కాలేజీలో తెరిచింది.) ఒక ప్రభుత్వ కార్యాలయంలో చిన్న ఉద్యోగానికి నేను ఎంపికయ్యాను. ఏ శాఖో చెప్పను, ఇంకా అందులోనే పని చేస్తున్నాను. ఉత్తరంలో మూడే వాక్యాలు. మీరు ఎంపికయ్యారు. రేపు సాయంత్రం ఐదు గంటల లోపు వచ్చి చేరాలి, లేకపోతే మీ చోటు జాబితాలో తర్వాతి వారికి పోతుంది. ఎక్కడ చేరాలో తెలుసుకోవడానికి లాగిన్ అవ్వండి. అంతే. ఇన్ని మాటలు రాసిన మనిషికి ఊరి పేరు ఒక్కటి రాయడానికి చేతులు రాలేదు. నిన్నటి వరకు నన్ను పట్టించుకోని ఆ సైటుకు, ఉద్యోగం ఇచ్చిన రోజు నేనెవరో అనుమానం వచ్చింది.

లాగిన్ నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది. అది నెట్ అన్న పెట్టింది, నాకు తెలియదు. మర్చిపోయాను అని నొక్కితే, చివర నలభై ఆరు ఉన్న నంబరుకు ఓటీపీ పంపుతున్నాం, పది నిమిషాల్లో కొట్టండి, రోజుకు మూడుసార్లే అడగొచ్చు అంది. ఆ నలభై ఆరు మేకుకు వేలాడే ఫోను. నంబరు మార్చుకుంటానని నొక్కితే, సరే, ముందుగా పాత నంబరుకు వచ్చిన ఓటీపీ చెప్పమంది. కొత్త ఖాతా తెరుస్తానంటే, మీ ఆధార్‌తో ఖాతా ఉంది, అందులోకే లాగిన్ అవ్వండి అంది. సహాయం కోసమని ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే సన్నాయి పాట వచ్చింది, ముప్పావుగంట విన్నాను. జనగామలో అదే శాఖ ఆఫీసుకు పరుగెత్తితే అక్కడి సారు "మాకెట్ల తెలుస్తదమ్మా, అంత ఆన్‌లైన్ల ఉంటది" అన్నాడు. బాపు అంతకు నెల ముందే "ఇదే ఆఖరు బిడ్డా, ఇగ చాలు" అన్నాడు. కోపంగా అనలేదు, అందుకే నాకు ఇంకా భయం. ఉద్యోగం రాక ఊరుకోవడం వేరు. వచ్చిన ఉద్యోగానికి ఎక్కడికి పోవాలో తెలియక పోగొట్టుకున్నానని నలుగురికి చెప్పుకోవడమంటే ఇక బతికున్నన్నాళ్లూ ఆ మాటే.

పరీక్ష రాశాక అటు పోనే లేదు, ఇప్పుడు నెట్ సెంటరుకు పరుగెత్తాను. కంప్యూటర్ల చోట చెప్పుల జతలు వేలాడుతున్నాయి. అద్దాల బల్ల వెనుక తెల్ల గడ్డం చాచా ఒకాయన కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరవకముందే "ఓటీపీ గావాల్నా బేటీ?" అన్నాడు. అవునన్నాను. "రోజుకు ఇద్దరన్న వస్తరు. చెప్పులు మాత్రం ఒక్కరు గూడ కొనరు. నెట్‌వాలా దుకాన్ తీసేసి ఆర్నెల్లాయె. మానుకోటల టేషన్ ముంగట జ్యూస్ బండి పెట్టిండంట, పో" అన్నాడు. (మహబూబాబాద్‌ను మేము మానుకోట అంటాం.) ఆయన కొత్త నంబరు చాచా దగ్గర లేదు. ఆ పూట ఇక రైలు లేదు.

మర్నాడు, అంటే ఆఖరి రోజు, తెల్లవారుతూనే రైలెక్కాను. అమ్మ సర్టిఫికెట్ల ఫైలు నా చంకలో పెట్టి, "యాడ చేరమంటే ఆడనే చేరిపో, మళ్ల ఇంటికి రావద్దు" అని పంపింది. మానుకోట స్టేషన్ బయట నెట్ అన్న బత్తాయిలు పిండుతూ కనిపించగానే నాకు తోబుట్టువును చూసినట్టయింది. "ఏం చెల్లె, గింత దూరమొచ్చినవ్! ముందుగాల జ్యూస్ తాగు" అన్నాడు. నేను తాగలేదు, "అన్నా, మేకు ఫోన్ ఏది?" అన్నాను. ఆయన చేతిలో బత్తాయి ఆగింది. "అది మా అత్తకిచ్చిన గదా" అన్నాడు. "మొగుళ్లపల్లిల ఒక్కతే ఉంటది, ఫోన్ గావాలె అన్నది. సిమ్ముతోని సహా ఇచ్చిన. ఎందుకు, ఏమైంది?" ఏమైందో చెప్పాను; పాస్‌వర్డన్నా గుర్తుందా అంటే, అవన్నీ రాసుకున్న పుస్తకం దుకాణం తీసేసినప్పుడే పోయిందన్నాడు. మానుకోట నుంచి మొగుళ్లపల్లి అంటే వరంగల్ వెనక్కి పోయి, పరకాల మీదుగా అటు భూపాలపల్లి జిల్లాలోకి పోవాలి. ఇన్నాళ్లూ జనగామ జనం గ్యాసు, పెన్షన్లు, హాల్ టికెట్లు అన్నీ అక్కడెక్కడో ఒక ముసలమ్మ కొంగున మూట కట్టి ఉన్నాయని నాకు అప్పుడు అర్థమైంది.

"దానికేమున్నది, ఫోన్ జేసి అడుగుదం" అన్నాడు నెట్ అన్న. అనడమైతే అన్నాడు గానీ ఆయన చేయడానికి లేదు. ఆ అత్త పాతకాలం మనిషి, అల్లుడి ముందు నిలబడి మాట్లాడదు. ఫోన్లో అల్లుడి గొంతు వినబడినా ఫోన్ కింద పెట్టి తల మీద కొంగు సర్దుకుని, ఇక మళ్లీ ఎత్తదట. అందుకని ఆయన భార్యను, నేను వదినా అని పిలిచేదాన్ని, ఇంట్లోంచి పిలిపించాడు. నేను ఓటీపీ నొక్కాను. వదిన తల్లికి ఫోన్ చేసి, "అమ్మా, గిప్పుడు ఫోన్ల ఆరు నంబర్లు వచ్చినయ్ సూడు, అవ్విటిని సదువు" అంది. స్పీకర్లోంచి ఒక గొంతు బండ మీద రోకలి పడ్డట్టు పలికింది. "చెప్ప."

"అమ్మా, నేనే, నీ బిడ్డను."

"నా బిడ్డ లెక్క మాట్లాడే దొంగలు గూడ ఉంటరని బ్యాంకాయన చెప్పిండు. ఆరు నంబర్లు వస్తయ్, ఎవ్వలడిగినా చెప్పద్దు, కన్నబిడ్డ అడిగినా చెప్పద్దన్నడు. ఇప్పటికి ముప్పై మందిని ఎల్లగొట్టిన. నువ్వొకదానివా నాకు?"

ఫోన్ పెట్టేసింది. ఆ ముప్పై మందీ జనగామవాళ్లని, పాపం గ్యాసు కోసమో పరీక్ష కోసమో చేసి ఉంటారని మా ముగ్గురికీ తెలుసు. పది నిమిషాలు అయిపోయాయి. మళ్లీ నొక్కాను. ఈసారి వదిన తన చిన్నప్పటి ముద్దుపేరు చెప్పింది, తమ బర్రె పేరు చెప్పింది. ఆఖరికి ఏడ్చింది. అవతల నుంచి "మంచిగనే యాక్షన్ చేస్తున్నవ్" అని మెచ్చుకోలు వచ్చింది గానీ నంబర్లు రాలేదు. రెండోదీ పోయింది. ఇక ఆ రోజుకు ఒక్కటే మిగిలింది. నెట్ అన్న తల దించుకుని, "తప్పు నాదే చెల్లె. నువ్వే పోవాలె. మనిషిని సూస్తె నమ్ముతది" అన్నాడు. బలవంతంగా జ్యూస్ తాగించాడు. ఆ కోపంలో కూడా అది బాగుందని ఒప్పుకోవాలి.

వెనక్కి వరంగల్ రైలు, హన్మకొండలో పరకాల బస్సు, పరకాలలో తొమ్మిదిమందితో కిక్కిరిసిన ఆటో. మొగుళ్లపల్లిలో దిగి అడుక్కుంటూ అవ్వ ఇల్లు చేరేసరికి రెండు దాటింది. అవ్వ వాకిట్లో చాట ముందు కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మెడలో నల్లటి తాడు, తాడుకు ఆ ఫోను. మేకు మీద చూసిన దాన్ని అక్కడ చూడగానే దణ్ణం పెట్టబోయాను.

"ఎవ్వలు గావాలె బిడ్డా?"

దారి పొడుగునా పదిసార్లు అనుకున్న మాటలన్నీ మర్చిపోయి, "అవ్వా, పొద్దుగాల మీరు తిట్టింది నా కోసమే" అన్నాను. నౌకరీ సంగతంతా విని అవ్వ నన్ను పై నుంచి కింది దాకా చూసింది. నీడలో పీట వేసింది. ఇక మొదలుపెట్టింది. ఏ ఊరు? ఎవరి బిడ్డవు? బాపు ఏం చేస్తడు? మీ అమ్మ తల్లిగారూరేది? ఎంతమంది తోడబుట్టినోళ్లు? పెండ్లయిందా? ఎందుకు కాలేదు? మీరేమిటోళ్లు? (ఆ ఒక్క కులం ప్రశ్న దగ్గర, తప్పక నింపాలనే స్టార్ గుర్తు కనబడలేదు గనుక ఖాళీగా వదిలేసి ముందుకు పోయాను.) పొద్దున్నుంచి వెబ్‌సైట్లను తిట్టిన నేను ఆ పీట మీద చేతులు కట్టుకుని అన్నిటికీ బుద్ధిగా జవాబులు చెప్పాను. ఈవిడ అడుగుతుంటే కోపం రాలేదు. జవాబు వింటోంది కదా. మధ్యలో "తిన్నవా?" అని అడిగింది. లేదన్నాను. లోపలికి పోయి బువ్వ, పచ్చిపులుసు పట్టుకొచ్చింది. "అవ్వా, టైం లేదు" అంటే "తినకుండ నౌకరీల చేరుతవా?" అని గద్దించింది. నేను అన్నం తిన్న వేగం చూసి ఆవిడకు నా ఆకలి మీద మంచి నమ్మకం కుదిరింది.

"సరె. ఏందో గా నంబర్లు అడుగు" అంది చివరికి. అంగీకారం దొరికిందని నేను ఎగిరి గంతేసి, ఉన్న ఒక్క అవకాశాన్నీ నొక్కేశాను. అవ్వ మెడలో ఫోన్ టుంగుమంది. అప్పుడు అవ్వ దాన్ని అరచేత్తో మూసి, "ముందుగాల మీ అమ్మతోని మాట్లాడిపియ్యి. తల్లి చెప్తే చెప్త" అంది. అమ్మకు ఫోన్ కలిపి నా ఫోన్ అవ్వ చేతికిచ్చాను. ఓటీపీ కొట్టాల్సిన పేజీ కూడా ఆ ఫోన్లోనే ఉంది. ఇప్పుడు అది అవ్వ చెవికి ఆనుకుని ఉంది.

"నీ బిడ్డనేనా ఇగో, నా ముంగట కూసున్నది? ... నల్లగ, బక్కగ, జర కోపమున్నట్టు... ఆఁ, ఆఁ, గదే." అమ్మ కూడా తక్కువ తినలేదు. పొద్దుటి నుంచి నా జాడ లేక పరేషాన్‌లో ఉంది, దొరికిన చెవిని వదిలిపెడుతుందా? నా మూడేళ్ల చదువు, నా ఉప్పటి పచ్చడి, బాపు నడుం నొప్పి, అన్నీ అటు నుంచి పారుతున్నాయి. ఇటు నుంచి అవ్వ ఆ నడుం నొప్పికి ఏదో ఆకు కట్టు చెబుతోంది. లోపలి గోడ గడియారంలో ఆరు నిమిషాలు పోయాయి. ఏడు. "అవ్వా, ఫోన్!" అన్నాను. ఆగమన్నట్టు చేయి చూపించింది. ఎనిమిది. నేను ఏడవడం మొదలుపెట్టాను. అప్పుడు అవ్వ అమ్మతో "ఆగు సెల్లె, పోరి ఏడుస్తున్నది. పాపం మంచి పిల్లనే" అని ఫోన్ నాకు అందించి, బటన్ ఫోన్ కళ్లకు దగ్గరగా పట్టుకుంది. "ఏడు..." లైటు ఆరిపోయింది. మళ్లీ నొక్కింది. "ఏడు, మూడు... సున్న..." ఆరిపోయింది. "సున్న సెప్పిన్నా?" చెప్పావు అవ్వా, చెప్పావు! "ఐదు. ఐదు. మల్ల ఒకటి." చెప్పింది చెప్పినట్టు కొట్టాను. చక్రం తిరిగింది. తిరిగింది, తిరిగింది. తలుపు తెరుచుకుంది.

లోపల ఏముందనుకున్నారు? నా జాతకమా, రాజముద్రా? ఒక్క వరుస. చేరవలసిన చోటు: భూపాలపల్లి.

టైం మూడయింది. నేను కూర్చున్న పీట నుంచి భూపాలపల్లి గంటా గంటన్నర దారి. అదే ఓటీపీ పొద్దున ఫోన్లోనే దొరికి ఉంటే మానుకోట నుంచి నేరుగా పోయేదాన్నే, కానీ ఆకలితో. వెనుకటి రోజే తెలిసి ఉంటే పడుకుని లేచి హాయిగా పోయేదాన్ని. ఇవన్నీ తర్వాత లెక్క తేల్చుకున్న సంగతులు. ఆ నిమిషాన మాత్రం ఊరి పేరు చదివి అవ్వను కావలించుకున్నాను. "భూపాలపల్లా? గింత దానికి గిన్ని తిప్పలా? నన్నడిగితె నేను చెప్పకపోదునా?" అంది అవ్వ. ఆవిడకు ఎలా తెలిసేదో నేను అడగలేదు.

అవ్వ నా ఫోన్ నుంచి తన ఫోన్‌కు ఒకసారి చేయించి, "చేరినంక చెప్పు" అంది. రోడ్డు మీదికి నడిచి, పత్తి గింజల బస్తాలతో పోతున్న ట్రాలీ ఆటోను చెయ్యెత్తి ఆపేసింది. "మా మనుమరాలు. నౌకరీల చేరాలె. ఐదు లోపు దింపకపోతే నువ్వు మల్ల గీ తొవ్వల రావు" అని డ్రైవరుతో చెప్పింది. గంటలో పరాయిదాన్ని మనవరాలిని అయ్యాను. బస్తాల మీద కూర్చుని, ఒక చేత్తో తాడు, ఒక చేత్తో ఫైలు పట్టుకుని పోయాను. చెల్పూరు కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనబడగానే డ్రైవరు వెనక్కి తిరిగి "అచ్చినం పో!" అని కేక వేశాడు. ఆ పొగగొట్టాలను చూసి అంత సంతోషపడిన మనిషి ఇంకొకరు ఉండరు.

ఆఫీసు గేటుకు నాలుగూ ముప్పావు. గేటు మీద ఒక కాగితం అంటించి ఉంది. ఎంపికైన వాళ్ల పేర్లు, ఎక్కడ చేరాలో వరుసగా. నాలుగో పేరు నాది. పాస్‌వర్డ్ లేదు, ఓటీపీ లేదు, పక్కన మేక ఒకటి నిలబడి తీరిగ్గా ఆ కాగితం మూల నములుతోంది. మేకకు ఉన్న అవకాశం నాకు లేకపోయిందని ఒక్క క్షణం మండింది గానీ నిలబడి కోప్పడే టైం లేదు. లోపలికి పరుగెత్తాను. కళ్లద్దాల సారు నా ఫైలు తిరగేశాడు, సర్టిఫికెట్లు చూశాడు. సంతకం పెట్టించుకున్నాడు. అయిపోయిందనుకున్నాను. ఆయన కంప్యూటర్ వైపు తిరిగి, "ఇగ ఆన్‌లైన్ల ఎక్కిస్తే అయిపాయె. ఐదయితే సైటు మూసుకుంటది. నీ నంబరుకు ఓటీపీ పోయింది, చెప్పమ్మా" అన్నాడు.

అవ్వ ముప్పై మందిని వెళ్లగొట్టిన మనిషి. కన్నకూతురు ఏడ్చినా చెప్పని మనిషి. మళ్లీ మొగుళ్లపల్లికి పోయి పీట మీద కూర్చునే వ్యవధి లేదు. "సార్, ఆ నంబరూ..." అని మొదలుపెట్టాను. అంతలో నా చేతిలో ఫోన్ మోగింది. అవ్వ.

"బిడ్డా, చేరినవా? ఇగో, గిప్పుడే ఇంకోటొచ్చింది. నీదే అయ్యుంటది. రాసుకో."

నేను అడగలేదు. ఆవిడే చదివింది. ఒక్కో అంకె, మధ్యలో లైటు ఆరుతూ, వెలుగుతూ. నేను పైకి చెబుతుంటే సారు కొట్టాడు. "అయిపోయిందమ్మా, చేరినవ్" అన్నాడు. అవ్వకు చెప్పాను. "ఎవ్వలికీ చెప్పనంటివి గదా అవ్వా?" అంటే, "ఎవ్వలికి చెప్పిన? నీకే గదా చెప్పింది" అంది. అక్కడే, సారు ముందే, బల్ల పట్టుకుని ఏడ్చాను. సారు కంగారుపడి మంచినీళ్లు తెప్పించాడు.

తర్వాత అవ్వకు ఆ ముప్పై మంది సంగతి మెల్లగా చెప్పాను. "అయితె గ్యాసు గ్యాసు అని మొత్తుకున్న పోరడు గూడ నిజమేనా? అయ్యో, వాన్ని మస్తు తిట్టిన" అంది. నెట్ అన్న సిగ్గుపడి ఒక ఆదివారం ఆ ఫోన్‌ను అరువు తెచ్చుకుని జనగామ పోయి, చాచా దుకాణం ముందు కూర్చుని ఒక్కొక్కరి నంబరూ మార్చి వచ్చాడు. నాది మాత్రం నేనే మార్చుకుంటానన్నాను, బద్ధకించాను. రెండేళ్లు నా సెలవు చీటీలకూ జీతం కాగితాలకూ అవ్వే నంబర్లు చదివింది. ఒకసారి కొత్తగా వచ్చిన అధికారి, సిబ్బంది అందరూ సొంత నంబర్లే పెట్టుకోవాలని గట్టిగా చెబితే మార్చేశాను. ఒక్క నిమిషం పని. ఇంత చిన్న పనికా ఆ రోజు మూడు ఊళ్లు తిరిగానని నవ్వుకున్నాను. ఆ బస్తాల మీద ఫైలును పొట్టకు అదుముకుని కూర్చున్న కోపిష్టి పిల్ల గుర్తొచ్చి, దాని భుజం తట్టి "ఏం కాదులే, చేరిపోతావు" అని చెప్పాలనిపించింది.

నెల తిరిగేసరికి అవ్వ ఫోన్ చేసింది. గొంతు పొద్దున్నే ఏదో చెడ్డ కల కన్నట్టుంది.

"బిడ్డా, నెల రోజులాయె, నీవి ఒక్కటి గూడ వస్తలేవు. నౌకరీ ఉన్నదా, పోయిందా?"

ఉంది అవ్వా, నంబరు మార్చానని చెప్పాను. "అమ్మయ్య" అంది.

"మంచిగున్నవ్ గదా, చాలు. నంబర్లు రాకపోతె పాయె. నువ్వు రావద్దా?"